దేవుడి గిన్నె, ఎముకల సూపు

మా దుకాణంలో రెండు తొట్లు ఉంటాయి. ఎడమ పక్కది వంటింటి సామానుకి, కుడి పక్కది దేవుడి సామానుకి. రెండింటిలోనూ పోసేది ఒకే డబ్బాలోని పుల్లటి నీళ్ళే. గుడ్డలు మాత్రం వేరు, కుంచెలు వేరు. మాంసం వండిన గిన్నె తోమిన గుడ్డతో ఎవరి దీపాన్నీ, ఎవరి గంటనీ తుడవకూడదన్నది అన్నయ్య పెట్టిన కట్టుబాటు. ఇత్తడికి మెరుగు పెట్టడం, గిన్నెల లోపల తగరపు కళాయి పూత వెయ్యడం మా పని. అన్ని మతాలవాళ్ళూ సామాను తెస్తారు. తెచ్చిన ప్రతివాళ్ళూ ముందు తొట్ల వైపు చూస్తారు, తర్వాత మా మొహాల వైపు చూస్తారు.

"మన చేతులు మాత్రం అవే కదా అన్నయ్యా?" అని చేరిన కొత్తలో అడిగాను.

"చేతులు కడుక్కోవచ్చు. గిరాకీకి అనుమానం వస్తే దాన్నెక్కడ కడుగుతాం?" అన్నాడు.

అన్నయ్య నా తోడబుట్టినవాడు కాదు, దుకాణం యజమాని. ఆయన మతం వేరు, నాది వేరు. పని అడగడానికి నన్ను వెంటబెట్టుకొచ్చిన మా అమ్మ "నీ చెల్లెలనుకో బాబూ" అని చెప్పి, ఇప్పుడే వస్తానంటూ సందు మలుపు తిరిగింది. మళ్ళీ రాలేదు. అమ్మ కలిపిన వరస అలాగే ఉండిపోయింది. ఆయన అన్నయ్య, ఆయన భార్య వదిన. వాళ్ళకు కొడుకు పుట్టాక వాడికి నేను అత్తనయ్యాను. అన్నయ్యకు ఆ వరస గుర్తుండేది కాదు. దాన్ని ఇన్నాళ్ళూ నిలబెట్టింది వదినే.

మెరుగు పెట్టిన సామాను చుట్టి ఇవ్వడానికి పాత పత్రికలు కట్టలుగా వచ్చేవి. వాటిమీదే నేను అక్షరాలు నేర్చుకున్నాను. కథలు కూడా వాటిలోనే చదివాను. చాలావాటికి చివరి పేజీ ఉండేది కాదు. ఆ పేజీ ఎవరి గంటకో చుట్టుకుని వెళ్ళిపోయేది.

నా మనుషులూ అలాగే వెళ్ళారు. నా భర్త గొడుగు మరిచిపోయానని వీధి చివరనుంచి వెనక్కి వచ్చి, దాన్ని చంకలో పెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. సాయంత్రం గొడుగొక్కటే ఇంటికి చేరింది. అన్నయ్య మధ్యాహ్నం కునుకులో పోయాడు. అప్పుడు నేను కింద దుకాణంలో మెరుగు చక్రం మీద ఎవరివో పళ్ళేలు తిప్పుతున్నాను. వెళ్తున్నానని ఎవరూ నాతో చెప్పలేదు. అందుకని ఇప్పటికీ ఎవరు గుమ్మం దాటినా మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను. చేరాక ఫోన్ చెయ్యమంటాను. చెయ్యకపోతే నేనే చేస్తాను.

"నీ చూపులకి నా వీపు అరిగిపోయిందే. కూరలకి వెళ్తున్నా, కాశీకి కాదు" అనేది వదిన.

దుకాణం కింద, వాళ్ళ ఇల్లు పైన. మధ్యాహ్నం అయ్యేసరికి వదిన తన డబ్బా పట్టుకుని కిందకి దిగివచ్చేది. బల్ల ఒకటే, మధ్యలో పత్రిక కాగితం గోడలా నిలబెట్టేవాళ్ళం. అటు ఆమె మాంసం, ఇటు నా ఆకుకూర. మావాళ్ళు మాంసం ముట్టరు. వాళ్ళు తింటారు, కాని తమవాళ్ళు ప్రార్థన చదివి కోసినదే తినాలి, తమ గిన్నెలోదే తినాలి. వదినకి ఈ పద్ధతులన్నీ కంఠతా వచ్చు. వాటిమీద వేళాకోళం చెయ్యడం అంతకంటే బాగా వచ్చు.

మాకో ఆట ఉండేది. డబ్బా మూత తియ్యకముందు ఒకరు ప్రశ్న వెయ్యాలి, ఎదుటివాళ్ళు నవ్వు వచ్చే జవాబు చెప్పాలి. జవాబు చెప్పేదాకా ఇద్దరిలో ఎవరూ మూత తియ్యకూడదు. ఓడినవాళ్ళు రెండు డబ్బాలూ కడగాలి.

"మరదలా, మీ దేవుడి గంటలో బల్లి గుడ్డు పెట్టిందనుకో. గంటని ఏ తొట్లో వేస్తావే?"

"గంట కుడి తొట్లో, గుడ్డు ఎడమ తొట్లో, బల్లిని నీ డబ్బాలో."

"ఛీ! తినేముందు ఏం మాటలే అవి!"

"అడిగింది నువ్వేగా!"

ఇంకో రోజు నా వంతు వచ్చేది. "వదినా, మీ గ్రంథానికి అట్ట తోలుదే కదా. ఉపవాసం నాడు వేలు నాలికకి తగిలించుకుని పేజీ తిప్పితే, ఉపవాసం ఉన్నట్టా, పోయినట్టా?"

"అందుకేగా నేను చదువుకోలేదు. చదువుకున్న నీ ఉపవాసం సంగతి చూసుకో."

ఒకసారి అన్నం తింటుంటే దోమ ఆమెను కుట్టి, ఎగిరివచ్చి నన్ను కుట్టింది. "అయిపోయిందే! నేను పొద్దున తిన్నది నీలోకి వచ్చేసింది. మీ మందిరం పెద్దాయనకి ఏం చెబుతావు?" అంది. "నిజమే, ఇందాకటినుంచి నీలాగా ఒకటే అరవబుద్ధేస్తోంది" అన్నాను. పాపం, మెతుకు గొంతులో అడ్డం పడేలా నవ్వింది. ఆ రోజు ఓడిందెవరో తేలలేదు. డబ్బాలు మాత్రం తనే కడిగింది. నా డబ్బాని ఎప్పుడూ కుడి తొట్టి కుంచెతోనే కడిగేది. వేళాకోళంలో ఎంత దూరం పోయినా అక్కడ మాత్రం గీత దాటేది కాదు.

వదినకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు ఒక పక్కకు జారింది. మాట ముద్దముద్దగా వచ్చేది, వాగడం మాత్రం తగ్గలేదు. డాక్టరు ఎముకల సూపు పట్టమన్నాడు. ఒంట్లో సత్తువ నిలిస్తే కొంతకాలం ఉంటుంది, లేకపోతే మన చేతుల్లో లేదు అని వదిన కోడలితో చెప్పాడు. కోడలు బడిలో పాఠాలు చెబుతుంది. తెల్లారే సూపు కాచి, పొయ్యిమీద మూత పెట్టి వెళ్ళేది. కొడుకు కింద చక్రం దగ్గర ఉండేవాడు. పగటిపూట వదిన దగ్గర నేనే ఉండేదాన్ని. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకుని నేలకేసి కొట్టేది. కింద నాకు వినిపించేది, పని ఆపి పైకి వెళ్ళేదాన్ని.

ఈ ఒక్క మనిషి దగ్గర చివరిదాకా ఉండాలని అప్పుడే అనుకున్నాను. మెట్లెక్కిన ప్రతిసారీ అనుకున్నాను. ఈమె వెళ్ళేటప్పుడు నేను కింద ఎవరి పళ్ళెమో తోముతూ ఉండకూడదు. దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు.

కష్టమంతా సూపుతోనే వచ్చింది. చెంచాతో పోస్తే జారిన మూతిలోంచి మెడమీదకు కారిపోయేది. గ్లాసు వంచితే పొలమారేది. గొట్టం పెడితే పీల్చే బలం లేదు. రోజూ సగం సూపు తువ్వాలు తాగేది. "ఈ తువ్వాలు బలిసిపోతోందే మరదలా, నేనే చిక్కిపోతున్నా" అనేది. ముంజేయి పట్టుకుంటే నా వేళ్ళు చుట్టూ తిరిగి కలుసుకునేవి. తర్వాత సూపంటేనే మొహం తిప్పేసుకోవడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే మా ప్రార్థన మందిరం నుంచి గిన్నె వచ్చింది. ప్రార్థన అయ్యాక అందరి దోసిళ్ళలోనూ నీళ్ళు పోసే గిన్నె అది. అరచేతిలో ఇమిడిపోతుంది, ఒక పక్క సన్నటి పొడుగాటి ముక్కు ఉంటుంది. లోపల కళాయి పోయిందని పంపారు. కుడి తొట్లో కడిగి, కొత్తగా కళాయి వేసి, మెరుగు పెట్టి, రంపపు పొట్టులో ఆరబెట్టాను. పొట్టు దులిపి చేతిలోకి తీసుకుంటే అచ్చం పసిపిల్లలకి పాలు పట్టే ఉగ్గుగిన్నెలా ఉంది. దాని ముక్కు బాగున్న పక్క చెంపకి ఆనించి, కాస్త కాస్తగా వంచితే చాలు.

పైన గ్లాసు చప్పుడైంది. గిన్నె కొంగు చాటున పెట్టుకుని మెట్లెక్కాను.

నా జన్మలో మాంసం సూపు గిన్నె ముట్టుకోలేదు. ముక్కు మూసుకుని, ఇంటికప్పు వైపు చూస్తూ వేడి చేశాను. వదిన మంచం మీదనుంచి అంతా చూస్తోంది.

"అక్కడేముందే? సూపు పైకప్పు మీద కాగుతోందా?"

"నోరు మూసుకుని నోరు తెరువు."

"రెండూ ఎలా చెయ్యనే?" అంటూనే నా చేతిలోది చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. "ఓసి నీ దుంపతెగ! మీ దేవుడిది కదే అది?"

"నిన్నటిదాకా దేవుడిది. ఈ పూటకి నీది."

జారిన మూతి ఇంకాస్త జారింది. అదే ఆమె నవ్వు. "సరే, ప్రశ్న. మీ దేవుడి గిన్నెతో మా సూపు తాగి నేను పోయాననుకో. నన్ను మీ స్వర్గంలో వేస్తారా, మా స్వర్గంలో వేస్తారా?"

"రెంటికీ మధ్య గోడ ఉంటుంది. దాని మీద కూర్చోబెడతారు."

"ఎంతసేపు?"

"నేను వచ్చేదాకా. నాక్కూడా చోటు పట్టుకుని ఉంచు. ఎవరైనా అడిగితే మరదలు వస్తోందని చెప్పు."

"గోడ సన్నగా ఉంటేనో? నీ నడుం చూసుకున్నావా?"

"మాట్లాడకుండా తాగు."

తాగింది. ఒక్క చుక్క తువ్వాలు మీద పడలేదు. గుక్క మింగినప్పుడల్లా గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాను. అంత అందమైనదేదీ నేను చూడలేదు. గిన్నె ఖాళీ అయ్యాక "ఇంకా ఉందా?" అని అడిగింది. జబ్బు పడ్డాక ఆ మాట అనడం అదే మొదలు.

తర్వాత రోజూ అలాగే పట్టాను. మందిరంవాళ్ళు కబురు పెడితే ఇంకా ఆరలేదన్నాను. వదిన చెంపల్లోకి కాస్త రంగు వచ్చింది. ఒకరోజు కోడలు బడినుంచి పెందరాళే వచ్చి, గుమ్మంలో నిలబడి చూసేసింది. నేను గిన్నె కొంగు చాటుకి లాక్కున్నాను. ఆ పిల్ల మాత్రం గోడకి ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

"మీ ఇద్దరికీ మతి పోయింది చిన్నత్తయ్యా! గోడ మీద నాక్కూడా చోటుందా?"

"నీకింకా టైముందిలే" అంది వదిన.

మంచి పిల్ల. అత్త తాగుతోందని సంతోషపడింది. ఆ సంతోషం మనసులో పట్టక బయట చెప్పుకుంది. జరిగిన తప్పల్లా అదే.

వారానికోసారి వాళ్ళ ప్రార్థన అయ్యాక వాళ్ళ పెద్దాయన సందేహాలు తీరుస్తాడు. ఎవరికి ఏ అనుమానమున్నా లేచి అడగొచ్చు. పెద్ద ప్రశ్నల మధ్యలో తేలిక ప్రశ్నలూ వస్తాయి, అందరూ నవ్వుకుంటారు. పన్ను పీకాక చిగురుకి వేసిన కుట్టు దారం పట్టుదైతే ఉపవాసం చెడుతుందా అని ఒకాయన అడిగితే మందిరమంతా నవ్విందట. ఆ నవ్వు ఆగకముందే కోడలు లేచింది.

"ఇంకో మతంవాళ్ళ దేవుడి గిన్నెతో మన సూపు తాగితే ఏ స్వర్గానికి పోతామండీ?" అని అడిగింది.

ఇదంతా మర్నాడు ఆ పిల్లే నాకు చెప్పింది. తొట్టి పక్కన నిలబడి, సంచి భుజంమీదనుంచి దించకుండానే చెప్పింది.

"అందరూ నవ్వారు చిన్నత్తయ్యా. పెద్దాయన కూడా నవ్వారు. బాగా నవ్వారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, 'ఇంతకీ ఎవరమ్మా తాగింది?' అన్నారు."

"చెప్పావా?"

"నవ్వుతూనే అడిగారు కదా."

నవ్వులాటకి అడిగిన దానికి నవ్వులాటగానే జవాబు చెప్పాలన్న నియమం మా బల్ల దగ్గర మాత్రమే ఉండేదని నాకప్పుడు తెలిసింది. వాళ్ళ పెద్దాయన కోప్పడలేదట. రోగికి దోషం లేదన్నాడు. గది కడిగించమన్నాడు. పోయేలోపు ఆమె నోటికి తమ గిన్నె తప్ప ఇంకోటి తగలనివ్వొద్దన్నాడు. ఆ స్నేహితురాలు మంచిదే అయ్యుంటుంది, కాని కొన్నాళ్ళు ఆమె గది గడప దాటకపోవడం అందరికీ మంచిది అన్నాడు.

రెండో రోజుకి మా మందిరానికి తెలిసింది. మా పెద్దాయన స్వయంగా దుకాణానికి వచ్చాడు. నేను కుర్చీ తుడిచి వేశాను. ఆయన కూర్చోలేదు, తొట్ల వైపు చూశాడు.

"జాలితో చేశావమ్మా, నాకు తెలుసు. దేవుడు జాలినే చూస్తాడు. మనుషులే గిన్నెను చూస్తారు."

"మీరేం చూస్తారండీ?"

"నేను మనుషుల్ని చూసుకోవాలి కదా" అన్నాడు మెల్లగా. "గిన్నె బూడిదతో తోమి, మళ్ళీ మెరుగు పెట్టి ఇవ్వు. నువ్వే చెయ్యి, నీ చేత్తో జరిగింది నీ చేత్తోనే పోవాలి. ఆ ఇంటి మెట్లు మాత్రం ఎక్కకు. ఎక్కితే మళ్ళీ అదే చేస్తావు. నీ సంగతి నాకు తెలియదా?"

లౌడ్‌స్పీకర్ల గురించీ, వీధి మలుపులో కుళాయి గురించీ ఏళ్ళ తరబడి ఒక మాట మీదకు రాని పెద్దలు ఆ ఇద్దరూ. నేను వదిన గది గడప దాటకూడదన్న విషయంలో మాత్రం రెండే రోజుల్లో ఏకమయ్యారు.

వదిన కొడుకు చక్రం ఆపి నా దగ్గరకొచ్చాడు. పుట్టినప్పటినుంచి ఎత్తుకున్న పిల్లవాడు. నా మొహంలోకి చూడలేకపోయాడు.

"అత్తా, ఇద్దరి సామానూ మన దగ్గరికే వస్తుంది. ఒకరి దేవుడి గిన్నె ఇంకొకరి నోట్లో పెడతారట అని మాట పడితే ఎవరొస్తారు చెప్పు? నాన్న రెండు తొట్లు పెట్టింది ఇందుకే కదా. కొన్నాళ్ళు పైకి వెళ్ళకు."

"కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళురా? మీ అమ్మ దగ్గర అన్ని ఉన్నాయా?"

వాడు జవాబు చెప్పలేదు. మా ఆటలోనైతే ఓడిపోయినట్టు లెక్క.

ఆ మధ్యాహ్నం పైన గ్లాసు చప్పుడైంది. టక్, టక్. నేను లేచాను. వాడు నావైపు చూడలేదు, చక్రం స్విచ్ వేశాడు. చేతిలో సామానేదీ లేకుండానే చక్రం తిరిగింది. ఆ మోతలో గ్లాసు చప్పుడు కలిసిపోయింది. నేను మళ్ళీ కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. బతుకంతా వెళ్ళిపోయేవాళ్ళను చూస్తూ నిలబడ్డదాన్ని. నన్నే వెళ్ళిపొమ్మంటే ఏం చెయ్యాలో నాకు రాదు. ఆ దుకాణం తప్ప నాకు వేరే గుమ్మం కూడా లేదు.

సూపు మళ్ళీ చెంచాతో పట్టడం మొదలైంది, పగలు కొడుకు, బడినుంచి వచ్చాక కోడలు. మళ్ళీ తువ్వాలే తాగింది. ముక్కున్న గిన్నె ఇంకోటి కొనుక్కురమ్మని కోడలితో చెప్పాను. ఆ పిల్ల బజారంతా తిరిగి ప్లాస్టిక్‌ది ఒకటి తెచ్చింది. దాన్ని చూడగానే వదిన పెదాలు బిగించేసిందట.

"బొమ్మ గిన్నె నాకెందుకు? మరదల్ని రమ్మను" అందట.

"ఎలా చెప్పనండీ ఆవిడకి?" అని కోడలు మెట్లమీద కూర్చుని ఏడ్చింది.

"నాకు జలుబు చేసిందని చెప్పు."

మర్నాడు ఆ పిల్ల కిందకి దిగుతూ, కొడుకు వినకుండా నా చెవి దగ్గర అంది: "అత్తయ్య నమ్మలేదు. ప్రశ్న పంపింది. మెట్ల మీద కూర్చుని తింటే పై ఇంటి నియమమా, కింద ఇంటి నియమమా అని."

నాకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. "మెట్లు ఎవరు తుడుస్తారో వాళ్ళ నియమమని చెప్పు."

ఆ పిల్ల మళ్ళీ పైకెక్కిన కాసేపటికి పైన మంచం కిర్రుమంది. నవ్వినట్టుంది. తర్వాత రోజులు అలాగే గడిచాయి. కోడలు బడికి వెళ్ళేటప్పుడు ఒక ప్రశ్న తెచ్చేది, వచ్చాక జవాబు పట్టుకెళ్ళేది. ప్రశ్నలు రానురాను పొట్టివైపోయాయి. ఒకరోజు "గోడ" అన్న మాట ఒక్కటే వచ్చింది. "ఉంది, వెడల్పుగానే ఉంది" అని చెప్పి పంపాను. మర్నాడు ఏదీ రాలేదు. మాట పడిపోయిందని కోడలు చెప్పింది. బడికి సెలవు పెట్టింది.

ఆ రోజు భోజనాల వేళకి ఇంట్లోకి చాలామంది వచ్చారు. చెప్పుల జోళ్ళు మెట్ల కిందదాకా వచ్చాయి. వాళ్ళ పెద్దాయన చెప్పులు కూడా ఉన్నాయి. వాటికి పాలిష్ ఎప్పుడూ బాగా ఉంటుంది, నేను గుర్తుపడతాను. చక్రం ఆగిపోయింది, కొడుకు పైకి వెళ్ళాడు. దుకాణంలో నేనొక్కదాన్నే ఉన్నాను. బల్లమీద నా డబ్బా ఉంది.

పైన గ్లాసు చప్పుడైంది. ఈసారి టక్ టక్ కాదు. ఒక్కసారి మోగి, దొర్లిన చప్పుడు వచ్చింది.

లేచి మెట్లెక్కాను. మలుపు దాకా ఎక్కాను. అక్కడ కోడలు మోకాళ్ళమీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. పైన తలుపు వేసి ఉంది. లోపల ప్రార్థన వినిపిస్తోంది.

"చిన్నత్తయ్యా, వద్దు. ప్రార్థన మధ్యలో తలుపు తియ్యకూడదన్నారు. మీరు లోపలికొస్తే మళ్ళీ మొదటినుంచి చదవాలన్నారు. అంత టైము..." అని ఆగిపోయింది.

"నన్ను పిలిచిందే."

"తెలుసు. నేనే గ్లాసు తీసి పక్కన పెట్టాను. మళ్ళీ అందుకుంది."

నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను. వదిన అడిగిన మెట్లు ఇవే. పైదీ కాదు, కిందదీ కాదు. నా చెయ్యి కోడలి వీపుమీద వేశాను. దానిమీద కోపం రాలేదు. తలుపు మీద వచ్చింది. చెక్క తలుపు, సన్నటిది. తోస్తే వచ్చేస్తుంది. లేస్తే సరిపోయేది. లేవబోయేసరికి లోపల ప్రార్థన ఆగింది.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత తలుపు తెరుచుకుంది. కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. మొహం వాచిపోయి చిన్నప్పటి మొహంలా ఉంది.

"అత్తా, రా. ఇప్పుడు రావచ్చు." పక్కకి తప్పుకున్నాడు. "పెద్దాయన చెప్పారు. ఇక అన్నపానాల మాట లేదు కదా, అభ్యంతరం లేదన్నారు."

వెళ్ళాను. గది కడిగిన వాసన వేస్తోంది. మంచం పక్కన ప్లాస్టిక్ గిన్నె నిండుగా ఉంది. గ్లాసు మంచం కింద పడి ఉంది. మూతి ఇప్పుడు ఏ పక్కకీ జారి లేదు, సరిగ్గా ఉంది. అంత కదలకుండా ఆమె మూతిని నేను ఎప్పుడూ చూడలేదు. ఎవరో పెద్దమనిషిలా ఉంది. అందరూ నాకు దారి ఇచ్చారు. నన్ను ఎంతో మర్యాదగా చూశారు. వాళ్ళ పెద్దాయన తలవంచి, "మీ ఇద్దరి స్నేహం గురించి విన్నానమ్మా, గొప్ప విషయం" అన్నాడు. నేను వంగి గ్లాసు తీసి బల్లమీద పెట్టాను. అంతకంటే చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

ఆమెను తీసుకెళ్ళేటప్పుడు మలుపు తిరిగేదాకా చూశాను. ఈసారి ఫోన్ చెయ్యమని చెప్పడానికి ఎవరూ లేరు.

ఆ తర్వాతే గిన్నె తోమాను. అన్నాళ్ళూ దాన్ని పత్రిక కాగితంలో చుట్టి అలమరలో పెట్టాను. కాగితం విప్పితే వాసన ఇంకా ఉంది. బూడిదతో తోమాను, పుల్లటి నీళ్ళలో ముంచాను, మెరుగు చక్రం మీద పెట్టాను. బయట అద్దంలా అయింది, లోపల వెన్నెలలా అయింది. గిన్నె ముక్కు లోపలికి కుంచె పోదు. దానికి వేరే పద్ధతి ఉంది. నూలు తాడు నానబెట్టి ఒక కొసనుంచి దూర్చి ఇంకో కొసనుంచి లాగాలి. తాడుకి జిడ్డు అంటనంతవరకూ లాగుతూనే ఉండాలి. ఆ పద్ధతి అన్నయ్య నాకు నేర్పాడు. నేను తాడు నానబెట్టలేదు. అలమరలోంచి తియ్యనుకూడా లేదు.

మా పెద్దాయన వచ్చి గిన్నె వెలుతురుకి పెట్టి చూశాడు. లోపలికి తన ముక్కు పెట్టి వాసన చూశాడు.

"కొత్తదానిలా ఉంది. నీ చేతిలో ఏదో మహిమ ఉందమ్మా" అన్నాడు.

"మీ దయ" అన్నాను.

ప్రార్థన రోజున నేనూ వరసలో నిలబడ్డాను. అందరూ దోసిళ్ళు పట్టారు. ఆ సన్నటి ముక్కులోంచి నీళ్ళు జారి ఒక్కొక్క దోసిట్లో పడ్డాయి. పిల్లలు తాగారు, ముసలివాళ్ళు తాగి తడి చెయ్యి తలకి రాసుకున్నారు. వదిన గురించి నాలుగు మాటలన్న పక్కవీధి ఆవిడ రెండుసార్లు పోయించుకుంది. నా వంతు వచ్చింది. తాగాను. కాస్త ఉప్పగా అనిపించింది. నా కళ్ళదే అయ్యుండొచ్చు.

మర్నాడు మధ్యాహ్నం చక్రం ఆపి బల్ల దగ్గర కూర్చున్నాను. అలవాటుగా మధ్యలో పత్రిక కాగితం నిలబెట్టాను. అది అటువైపు పడిపోయింది. అటు ఆనడానికి డబ్బా లేదు కదా. కొడుకు అన్నం తినడానికి పైకి వెళ్తూ "తినలేదా అత్తా?" అన్నాడు. తింటానన్నాను.

"వదినా, మావాళ్ళందరూ నీ ఎంగిలి తాగారు. ఇప్పుడు వాళ్ళనెక్కడ కూర్చోబెడతారే? గోడ మీద అంతమందికి చోటుందా?" అని అడిగాను.

పైన కోడలు గిన్నెలు సర్దుతోంది. నా డబ్బా మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. జవాబు వచ్చేదాకా మూత తియ్యకూడదు.